కచ్చురం ముందు ఉరికినోళ్లు: ఎయిర్‌పోర్టు నుంచి యూనివర్సిటీ దాకా



ఈ వారం నాగార్జునసాగర్ డ్యామ్ మీద రాళ్లు మోసిన పాలమూరు వాళ్ల గురించి రాస్తానని పోయిన భాగంలో మాటిచ్చాను. దాన్ని వచ్చే వారానికి జరుపుతున్నాను. మధ్యలో ఒక వాట్సాప్ మెసేజీ వచ్చి నన్ను వేరే తొవ్వ పట్టించింది.

మెసేజీ పెట్టింది విదేశంలో పాఠాలు చెప్పే ఒక అక్క. సూర్యాపేట దగ్గరి మాదిగ కుటుంబం. చిన్నప్పుడే తండ్రితో దేశం దాటి పోయింది. నగరంలోని ఒక యూనివర్సిటీ వాళ్లు అంబేడ్కర్ మీద మాట్లాడమని పిలిచారు. "తమ్ముడూ, ఎయిర్‌పోర్టుల దిగినంక యూనివర్సిటీకి ఎట్ల రావాలె? నేనొచ్చి పదిహేనేండ్లు దాటింది. అప్పుడు బేగంపేటల దిగిన" అని అడిగింది.

చిన్న ప్రశ్నే. జవాబు కూడా చిన్నదే, ముందు అది చెప్పేస్తాను. బయటి నుంచి వచ్చే విద్యార్థులు చాలామంది నన్ను ఇదే అడుగుతారు. శంషాబాద్‌లో దిగి హెచ్‌సీయూకి పోవాలంటే ఔటర్ రింగ్ రోడ్డెక్కి గచ్చిబౌలి దగ్గర దిగి పాత బొంబాయి రోడ్డు పట్టుకోవాలి. ముప్పై కిలోమీటర్ల చిల్లర. ట్రాఫిక్ లేకుంటే ముప్పావు గంట. కారు ఖర్చు వద్దనుకుంటే ఆర్టీసీ పుష్పక్ ఏసీ బస్సులున్నాయి, గచ్చిబౌలి వైపు పోయేది ఎక్కాలి. ఓయూకి పోవాలంటే ఆరాంఘర్, ఎల్బీనగర్, ఉప్పల్ మీదుగా సికింద్రాబాద్ పోయే పుష్పక్ ఎక్కి తార్నాకలో దిగితే చాలు. అక్కడి నుంచి ఆటో, లేదంటే నడక. ఎయిర్‌పోర్టుకు మెట్రో ఇంకా లేదు. ఇంతే.

ఇది టైపు చేస్తుంటే 'పుష్పక్' అన్న పేరు దగ్గర వేలు ఆగింది. ఉత్తరకాండలో రాముడు పుష్పక విమానమెక్కి దిక్కులన్నీ ఎవరి కోసం గాలించాడో మనకు తెలుసు. తపస్సు చేస్తున్న శంబూకుడి కోసం. దొరికిన చోటనే తల నరికాడు. 1920ల్లోనే త్రిపురనేని రామస్వామి చౌదరి 'శంబూక వధ' నాటకం రాసి పెద్ద దుమారం లేపాడు. చదువుకునే శూద్రుణ్ని వెతకడానికి వాడిన బండి పేరే, చదువు చెప్పడానికి వచ్చే మన అక్కను యూనివర్సిటీకి తీసుకుపోయే బస్సు మీద ఉంది. పేరు పెట్టిన వాళ్లకు ఈ ఆలోచన వచ్చి ఉండదు. బస్సు మాత్రం మంచిదే, ఎక్కండి.

అక్కడి నుంచి ఆలోచన ఎటెటో పోయింది. ఒక మనిషి ఊరు కాని ఊరికి వస్తే, దిగిన చోటు నుంచి చేరాల్సిన చోటు దాకా ఆ మనిషిని ఎవరు తీసుకుపోవాలి? ఎవరు బండెక్కాలి, ఎవరు నడవాలి? మన ప్రాంతంలో ఈ ప్రశ్నకు వందేండ్ల చరిత్ర ఉంది.

నిజాం కాలంలో నల్లగొండ పల్లెల్లో 'దౌరా' అనే మాట వింటేనే వాడకట్టు వణికేది. తహశీల్దారో, గిర్దావరో, అమీనో దౌరాకు వస్తున్నాడంటే మాల మాదిగ ఇండ్ల నుంచి ఇంటికొకరు వెట్టికి రావాల్సిందే. సామాన్లు నెత్తిన పెట్టుకుని పక్క ఊరిదాకా మోయాలి. ఆ ఊరి వాడకట్టు వాళ్లు అక్కడ అందుకుంటారు. కాగితాలు, ఉత్తరాలు పట్టుకుని ఠాణాకు, తాలూకాకు కాలినడకన పోవాలి. దొర ఎద్దుల కచ్చురమెక్కి బయల్దేరితే ఎద్దుల కంటే ముందు వెట్టి మనిషి ఉరకాలి. తొవ్వలో అడ్డమేమైనా ఉంటే తీసెయ్యాలి, ఎదురొచ్చిన వాళ్లను పక్కకు తప్పుకోమని అరవాలి. మేనాలు మొయ్యడం బెస్తల వంతు. దొర కాలికి చెప్పులు, మోటబావికి తోలు బొక్కెన ఇయ్యడం మాదిగల వంతు. కూలి ఊసే లేదు. సాయుధ పోరాటం మీద పుచ్చలపల్లి సుందరయ్య రాసిన పుస్తకం మొదట్లోనే ఈ వెట్టి వర్ణన ఉంటుంది. చదవని వాళ్లు ఆ కొద్ది పేజీలైనా చదవండి.

మా తాత (నాన్న వాళ్ల నాన్న) దేవరకొండ తాలూకాలో అట్ల ఉరికిన మనిషి. 1931లో రెండో ఆంధ్ర మహాసభ అదే దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన జరిగింది. సభకు పట్నం నుంచి వకీళ్లు, పెద్దమనుషులు చాలామంది వచ్చారు. ఆ వచ్చినోళ్ల సామాన్లు ఎవరు మోశారో ఏ చరిత్ర పుస్తకంలోనూ నాకు కనపడలేదు. మా తాత మాత్రం తన జీవితంలో దేవరకొండ నుంచి మల్లేపల్లి దాకా ఎన్నిసార్లు ఉరికాడో లెక్క లేదని అనేవాడట. "ఎద్దు అలిసిపోతే ఆపుతరు బిడ్డా, మన్షి అలిసిపోతే ఆపరు" అని మా నాన్నతో అన్నాడట. ఈ మాట మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇప్పుడు బాబాసాహెబ్ దగ్గరికి రావాలి. ఆయన ఆత్మకథాత్మకంగా రాసుకున్న చిన్న పుస్తకం ఒకటుంది, 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'. 1930ల మధ్యలో రాశాడు, అచ్చయింది ఆయన పోయిన చాలా ఏండ్లకు, 1990లో. ఈసారి చదివినప్పుడు ఒక సంగతి గమనించండి. అందులో పెద్ద సంఘటనలన్నీ దిగిన చోటు నుంచి చేరాల్సిన చోటికి పోవడం గురించినవే. 1901లో పసివాడిగా మసూర్ స్టేషన్లో దిగి తండ్రి దగ్గరికి కోరేగావ్ పోవాలి. మహర్లని తెలియగానే బండ్లవాళ్లెవరూ రామన్నారు. చివరికి కిరాయి రెండింతలు ఇచ్చి, బండి పిల్లలే తోలుకుని, బండివాడు పక్కన నడిచేట్టు ఒప్పందం కుదిరింది. దారంతా తిండి మూటలో ఉంది గాని తాగడానికి నీళ్లు దొరకలేదు. 1929లో బారిస్టరై చాలీస్‌గావ్‌లో రైలు దిగితే టాంగావాళ్లు ఎక్కించుకోమన్నారు. టాంగా తోలడం రాని మహర్ ఒకాయన అభిమానంతో పగ్గాలు పట్టుకున్నాడు. కల్వర్టు దగ్గర బండి తిరగబడి బాబాసాహెబ్ రాళ్ల మీద పడ్డాడు, కాలు విరిగింది.

మూడోది మన గడ్డ మీద జరిగింది. 1934లో తోటి కార్యకర్తలతో కలిసి దౌలతాబాద్ కోట చూడటానికి వచ్చాడు. దౌలతాబాద్ అప్పుడు హైదరాబాద్ రాజ్యంలోనిది. కోట వాకిట్లో ఉన్న నీళ్ల తొట్టిలో ముఖం కడుక్కున్నందుకు గొడవ చేశారు. చివరికి లోపల ఎక్కడా నీళ్లు ముట్టకూడదని షరతు పెట్టి, వెంట సాయుధుణ్ని కాపలా పంపి చూడనిచ్చారు. అంటే అది టూరిస్టు టికెట్ కొన్నవాడికి కూడా ఎస్కార్టు. ఇక్కడ గొడవ చేసింది ముస్లింలు. ఈ సంగతి ఆయన దాచలేదు, మనమూ దాచక్కర్లేదు. కులం మతం మార్చుకుని కూడా ఎట్ల బతుకుతుందో చెప్పడానికే ఆయన అది రాశాడు.

దానికి పంతొమ్మిదేండ్ల తర్వాత, 1953 జనవరి 12న, అదే హైదరాబాద్ రాష్ట్రంలోని ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డీలిట్ ఇచ్చింది. కొలంబియా యూనివర్సిటీ గౌరవ డాక్టరేట్ ఇచ్చి అప్పటికి ఏడు నెలలు. ఆయన అప్పుడు మంత్రి కాదు. 1951లోనే రాజీనామా చేశాడు. 1952 లోక్‌సభ ఎన్నికల్లో ఓడిపోయి రాజ్యసభలో ఉన్నాడు. హిందూ కోడ్ బిల్లు మీద దేశంలోని సనాతనులంతా ఆయన మీద పళ్లు నూరుతున్న రోజులు. రాష్ట్ర ముఖ్యమంత్రి అప్పుడు బూర్గుల రామకృష్ణారావు, దేవరకొండ సభకు అధ్యక్షుడైన ఆయనే, మన పాలమూరు జిల్లా మనిషి. దౌలతాబాద్ గొడవ గుర్తుపెట్టుకుని చూస్తే ఆ జనవరి రోజు చిన్నది కాదు. తొట్టిలో ముఖం కడుక్కుంటే కాపలా పెట్టిన రాజ్యంలోనే, ఆయన యూనివర్సిటీ పిలిస్తే వచ్చిన అతిథి.

అయితే ఆ రోజు ఉస్మానియాలో మన పిల్లలెంతమంది ఉన్నారు? అది 1918లో ఉర్దూ మాధ్యమంలో పెట్టిన విశ్వవిద్యాలయం. పాలమూరు, నల్లగొండ మాదిగ పిల్లగాడికి ఉర్దూ సంగతి అటుంచి తెలుగు బడే లేదు. పట్నంలో మాత్రం భాగ్యరెడ్డి వర్మ 1910లో ఇసామియా బజార్లో మొదలుపెట్టి, ఆది హిందువుల పిల్లల కోసం తెలుగు బళ్లు ఒకటొకటిగా తెరిచాడు. యూనివర్సిటీ కంటే ముందు బడి కావాలని తెలిసిన మనిషి. 1939 ఫిబ్రవరిలో ఆయన చనిపోయాడు. అదే ఏడాది డిసెంబరులో ఓయూ ఆర్ట్స్ కాలేజీ భవనం ప్రారంభమైంది. ఆ గులాబీ రంగు రాతి భవనం ముందు మనందరం ఫోటోలు దిగాం. ఫోటో పెట్టేటప్పుడు ఇసామియా బజారును కూడా ఒకసారి తలుచుకోండి.

మా ఇంట్లో యూనివర్సిటీ మెట్లెక్కిన మొదటివాణ్ని నేనే. 1953కీ నాకూ మధ్య యాభై ఏండ్ల పైనే.

ఇక్కడి నుంచి కథ శంషాబాద్‌కు వస్తుంది. అక్కడ నాకు చూసినవాడి సాక్ష్యం ఉంది గనక కొంచెం ఎక్కువ రాస్తాను.

శంషాబాద్ విమానాశ్రయానికి 2005 మార్చిలో శంకుస్థాపన జరిగింది. సుమారు అయిదున్నర వేల ఎకరాలు. 2008 మార్చి 23న మొదటి విమానాలు దిగాయి, బేగంపేట మూతపడింది. అది రంగారెడ్డి జిల్లా అని రికార్డు చెబుతుంది గాని, ఎయిర్‌పోర్టు గోడ నుంచి దక్షిణానికి బెంగళూరు హైవే మీద కాసేపు పోతే కొత్తూరు. అది దాటితే షాద్‌నగర్. 2016 జిల్లాల విభజన దాకా ఆ రెండూ మహబూబ్‌నగర్ జిల్లావే. తూర్పున శ్రీశైలం రోడ్డు పట్టుకుంటే కడ్తాల్, ఆమనగల్లు, కల్వకుర్తి. అంటే విమానం దిగింది పాలమూరు గడప దగ్గర.

భూమి సంగతి ఒక్క ముక్కలో చెబుతాను, దీని మీద విడిగా రాయాలి. మనవాళ్లకు ఉండేది ఎక్కువగా లావణి పట్టా. సర్కారు ఇచ్చిన భూమి, అమ్ముకోవడానికి లేదు. 'ప్రజా ప్రయోజనం' వస్తే వాపసు తీసుకోవచ్చని పట్టాలోనే షరతు. పక్కపక్క చెలకల్లో పట్టాదారుకు ఒక ధర, లావణి పట్టా మాదిగకు 'ఎక్స్‌గ్రేషియా' పేరుతో ఒక దయ. అసైన్డ్ భూమి తీసుకున్నా పూర్తి హక్కుదారుతో సమానంగా పరిహారం ఇయ్యాలని 2004లో ఉమ్మడి హైకోర్టు పెద్ద బెంచి చెప్పింది. మేకల పాండు కేసు అంటారు. ఆ కేసు ఎక్కడిదో తెలుసా? చేవెళ్ల డివిజన్‌ది. శంషాబాద్ పక్కదే. లా చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఆ తీర్పు పూర్తిగా చదవాలి. మన ఊళ్లలో ఏ ప్రాజెక్టు వచ్చినా మొదట చేతిలో ఉండాల్సిన కాగితం అది.

2007 ఎండాకాలం. డిగ్రీ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను. మా అమ్మ వాళ్లది కల్వకుర్తి వైపు. మా మేనమామ అప్పటికే ఇరవై ఏండ్ల నుంచి గుంపు మేస్త్రీ దగ్గర పని. గుంపు మేస్త్రీ అంటే తెలియని వాళ్లకు: ఉగాదికో దసరాకో ముందు ఇంటికొచ్చి అడ్వాన్సు చేతిలో పెడతాడు. పెండ్లికో, దవాఖానకో, పాత అప్పుకో అది అయిపోతుంది. ఇక ఏ రాష్ట్రంలో డ్యామ్ ఉంటే ఆ రాష్ట్రానికి, ఏ కాలువ ఉంటే ఆ కాలువకు. దేశమంతటా కాంట్రాక్టర్లకు 'పాలమూరు లేబర్' అంటే ఒక బ్రాండు. తక్కువ కూలి, ఎక్కువ పని, నోరెత్తరు అని దాని అర్థం. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం, 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చాయి. అడ్వాన్సు పేరుతో కట్టేసే పద్ధతి రెంటినీ దాటుకుని బతికింది.

ఆ ఏడు మామ గుంపుకు పని పక్కనే దొరికింది. రాష్ట్రం దాటే పని లేదని మా అత్త సంబరపడింది. శంషాబాద్ దగ్గర రోడ్డు వంతెన కాంక్రీటు. నేను నలభై రోజులు చేశాను. ఎండకు సలాకలు ముట్టుకుంటే చేతులు కాలేవి. అందుకని స్లాబు పని రాత్రిపూట ఫ్లడ్ లైట్ల కింద. ఆడవాళ్లు గమేళాలు అందిస్తుంటే వరసలో నిలబడి మేం పైకి అందించేవాళ్లం. మా అత్త రోజు కూలి మా మామ కూలి కంటే తక్కువ. గమేళా బరువు మాత్రం ఒకటే. రేకుల షెడ్లలో పడక. నీళ్ల ట్యాంకరు రెండు రోజులకొకసారి. తెల్లారుజామున చూస్తే దూరంగా టెర్మినల్ ఇనుప చట్రం కనిపించేది. "గీడ దిగినోళ్లు యాడికి పోతరు మామా?" అని అడిగితే, "నీ లెక్క సదువుకునెటోళ్లు యూనివర్సిటీలకు పోతరు, పైసలున్నోళ్లు హోటళ్లకు పోతరు. మనం రేపు ఇంకో పిల్లర్ కాడికి పోతం" అన్నాడు.

2008 నవంబరు 14న గచ్చిబౌలి, శంషాబాద్ మధ్య ఔటర్ రింగ్ రోడ్డు మొదటి ముక్క తెరిచారు. 2009 అక్టోబరులో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే, 11.6 కిలోమీటర్లు. ఎయిర్‌పోర్టుకు పోయేవాళ్లు కింద ట్రాఫిక్‌లో ఇరుక్కోకుండా పైనుంచి పోవడానికి. అత్తాపూర్‌లో ఇప్పుడు అడ్రసులు కూడా పిల్లర్ నంబర్లతోనే చెప్పుకుంటారు. ఈ రెండు రోడ్ల మీదా బండ్లకు, అంటే మోటారు సైకిళ్లకు, ఆటోలకు, నడిచేవాళ్లకు అనుమతి లేదు. వేగం ఎక్కువ, ప్రమాదం అని కారణం. కారణం తప్పనను. కానీ పాలమూరు నుంచి వచ్చి ఆ పిల్లర్లు పోసిన మనిషికి జీవితంలో కొనగలిగిన బండి ఒకటే, అది మోటారు సైకిల్. మా మామ దగ్గర ఉన్నదీ అదే. ఆయన పోసిన వంతెన మీదికి ఆయన తన బండితో ఒక్కసారీ ఎక్కలేదు. సర్వీసు రోడ్డు మీద పోతూ తలెత్తి చూస్తాడు.

నా దగ్గరా మోటారు సైకిలే. అందుకే అక్కను తీసుకురావడానికి ఒక మిత్రుడి పాత కారు అడుక్కోవాల్సి వచ్చింది.

గేటు సంగతి ఇంకా మిగిలే ఉంది. రోడ్డు ఎంత వెడల్పైనా చివరి వంద గజాలు గేటు చేతిలో ఉంటాయి. హెచ్‌సీయూ 1974లో పార్లమెంటు చట్టంతో పుట్టింది. 1969, 1972 ఉద్యమాల తర్వాత వచ్చిన ఆరు సూత్రాల పథకంలో ఒక హామీ అది. మొదట నాంపల్లిలో సరోజినీ నాయుడు ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్‌లో నడిచి, తర్వాత గచ్చిబౌలి బండల్లోకి పోయింది. 2008 ఫిబ్రవరిలో, శంషాబాద్‌లో విమానాలు దిగడానికి సరిగ్గా నెల ముందు, ఆ క్యాంపస్‌లో తమిళనాడు దళిత పరిశోధక విద్యార్థి సెంథిల్ కుమార్ చనిపోయాడు. 2016 జనవరి 17న రోహిత్ వేముల. అంతకు ముందు రెండు వారాలు హాస్టల్ నుంచి వెలివేయబడిన అయిదుగురు విద్యార్థులు షాపింగ్ కాంప్లెక్స్ దగ్గర అంబేడ్కర్ ఫ్లెక్సీలతో 'వెలివాడ' కట్టుకుని చలిలో పడుకున్నారు. యూనివర్సిటీ లోపల ఊరు, యూనివర్సిటీ లోపల వాడ.

ఆ ఏడు మార్చి 22న సెలవులో ఉన్న వీసీ తిరిగి రావడం, నిరసన, లాఠీచార్జి, ఇద్దరు అధ్యాపకులతో సహా అరెస్టులు జరిగాయి. మెస్సులు మూశారు. మర్నాడు మార్చి 23, ఎయిర్‌పోర్టు తెరిచి సరిగ్గా ఎనిమిదేండ్లు. ఆ రోజు కన్హయ్య కుమార్ ఢిల్లీ నుంచి విమానంలో వచ్చి హెచ్‌సీయూకి పోయాడు. బయటివాళ్లకు ప్రవేశం లేదని గేటు దగ్గరే ఆపేశారు. బయటే నిలబడి మాట్లాడాడు. దేశమంతా టీవీలో చూసింది, మీరూ చూసి ఉంటారు.

నాకు ఆ దృశ్యం కంటే పది నెలల తర్వాతది ఎక్కువ గుర్తుంది. 2017 జనవరి 17, రోహిత్ మొదటి వర్ధంతి. కొడుకు చదివిన చోటికి వచ్చిన రాధిక వేముల అమ్మను పోలీసులు గేటు దగ్గర పట్టుకుపోయారు. కన్హయ్య ఇంకో విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన నాయకుడు, ఆయన్ని 'బయటివాడు' అనడానికి వాళ్లకు ఒక సాకైనా ఉంది. తల్లి ఏ లెక్కన బయటిది? మన ఉద్యమం కూడా కెమెరాలు ఉన్న రోజునే ఎక్కువ తలుచుకుంటుంది. ఈ మాట నన్ను నేనే అంటున్నాను. మార్చి 23న గేటు బయట నేనూ ఉన్నాను. జనవరి 17న లేను.

సరే, అక్క వచ్చిన రోజుకు వస్తాను.

తెల్లారి నాలుగున్నరకు విమానం. అరైవల్స్ దగ్గర చిన్న పెట్టె, భుజాన ఒక సంచితో వచ్చింది. కారెక్కి ఔటర్ మీదికి రాగానే నేను పోసిన వంతెన ఏదని అడిగింది. ఫోన్లో ఎప్పుడో చెప్పిన మాట గుర్తుపెట్టుకుంది. చూపించాను. ఆపమంది. ఔటర్ మీద ఆపకూడదక్కా అంటే, మెల్లగనన్న పోనీ అంది. నలభైలో పోనిచ్చాను, వెనక లారీవాడు హారన్ కొట్టాడు.

ఏ యూనివర్సిటీ అన్నది చెప్పను, నగరంలో చాలా ఉన్నాయి. గేటు దగ్గర సెక్యూరిటీ అతను రిజిస్టర్ పట్టుకుని వచ్చాడు. వెనక సీట్లో అక్క, ముందు నేను. అక్క పేరు, ఎవరిని కలవాలి, ఎందుకొచ్చారు, అన్నీ రాసుకున్నాడు. "మేడమ్ పోవచ్చు" అన్నాడు. నా వైపు చూసి, "డ్రైవర్‌వి నువ్వు, మేడమ్‌ను దించి బయటికొచ్చెయ్. పార్కింగ్ గీడ, రోడ్డు మీద" అన్నాడు. రిజిస్టర్లో నా పేరు అడగలేదు. ఆ గళ్లో 'డ్రైవర్' అని రాశాడు.

ఆ రోజు సెమినార్ పోస్టర్ మీద రెండో పేరు నాది.

చెప్పొచ్చు. నోరు రాలేదు. మా తాత గుర్తొచ్చాడని ఇక్కడ రాస్తే బాగుంటుంది గాని, నిజం చెప్పాలంటే ఆ క్షణంలో ఎవరూ గుర్తు రాలేదు. చొక్కా మాసిందా అని చూసుకున్నాను. తెల్లారి మూడింటికి లేచి వేసుకున్న చొక్కా.

అక్కే అద్దం దించి, "అన్నా, ఆయన డ్రైవర్ కాదు. నాతోపాటు మాట్లాడటానికి పిలిచిన్రు" అంది. ఫోన్లో పోస్టర్ చూపించింది. అతను పోస్టర్ చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ పోస్టర్ చూశాడు. "మాఫ్ చెయ్యి సార్, ఎవరైనా ముందు సీట్ల ఒక్కడుంటే డ్రైవరనే రాస్తం" అన్నాడు. కొట్టేసి పేరు రాసుకుంటుంటే, మీదెక్కడ అన్నాను. నారాయణపేట వైపు అన్నాడు. కాంట్రాక్టు ఏజెన్సీ ఉద్యోగం, పన్నెండు గంటల డ్యూటీ. ఏ కులమని నేను అడగలేదు, అతనూ అడగలేదు. "మీటింగ్ దేని గురించి సార్?" అన్నాడు. అంబేడ్కర్ గురించి అన్నాను. "లోపటికి మేం రావొద్దు గదా" అన్నాడు. ఫిర్యాదు చేస్తున్నట్టు కాదు, డ్యూటీ టైము చెబుతున్నట్టు.

అక్క ఆ రోజు తన ఉపన్యాసాన్ని చాలీస్‌గావ్ టాంగాతో మొదలుపెట్టింది. నేను ఏం మాట్లాడానో పెద్దగా గుర్తు లేదు. మధ్యాహ్నం భోజనాలప్పుడు నిర్వాహకులైన పిల్లల్ని అడిగితే, గేటు దగ్గర పనిచేసే వాళ్లకూ హాస్టల్ మెస్ వాళ్లకూ పోస్టరే పోలేదని తెలిసింది. తెలుగులో పోస్టరే వెయ్యలేదు. ఇది ఆ పిల్లల తప్పు కాదు. ఇరవై ఏండ్లుగా మీటింగులు పెడుతున్న నాబోటి వాళ్ల అలవాటు వాళ్లకు వచ్చింది. ఏప్రిల్ 14కు మీ మీ క్యాంపస్‌లలో సభలు పెడతారు. పోస్టర్ తెలుగులో వేసి మొదటి కాపీ గేటు దగ్గర అంటించండి. డ్యూటీ మారే టైము కనుక్కుని సభ టైము పెట్టండి.

తిరుగు ప్రయాణం రాత్రి పదకొండు గంటల విమానానికి. కారు మిత్రుడికి ఇచ్చేశాను. అక్క పుష్పక్ ఎక్కుతానంది. నేనూ ఎయిర్‌పోర్టు దాకా పోయాను. బస్సులో కండక్టర్ గాని, పక్కవాళ్లు గాని ఎవరూ ఏమీ అడగలేదు. ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. వంతెన దగ్గరికి రాగానే అక్క కిటికీకి చెయ్యి ఆనించి చీకట్లో చూసింది. ఆమె లోపలికి పోయాక నాకు తిరుగు బస్సుకు గంట టైముంది. మా మామకు ఫోన్ చేశాను. ఈ మధ్య ఆయన పనికి పోవడం లేదు, నడుము పోయింది. యాడున్నవ్ అన్నాడు. ఎయిర్‌పోర్టుల అన్నాను. "ఆ పిల్లర్లకు రంగేసిన్రా?" అని అడిగాడు.

(వచ్చే వారం: నాగార్జునసాగర్, 1955 నుంచి. మీ ఇంట్లో డ్యామ్ పనికి పోయిన ముసలోళ్లు ఉంటే వాళ్లు చెప్పింది రాసి పంపండి. పేర్లు వద్దంటే పెట్టను.)